హెర్క్యులస్ బీటిల్ లార్వాలు కొని విజయనగరంలో పెంచవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంటర్ చదివే మీ అబ్బాయి జపాన్ వీడియోలు చూసి కొమ్ముల బీటిల్ కావాలని పట్టుబట్టాడు. ఆన్‌లైన్‌లో ఒకాయన హెర్క్యులస్ లార్వా ఒక్కోటి రెండు వేలకు ఇస్తానంటున్నాడు. కొనొచ్చా, మన ఎండలకు బతుకుతుందా అని.

కొనకండి. నేను కొన్నాను కాబట్టి చెప్తున్నా.

మాది కవిటి వైపు ఊరు, చుట్టూ కొబ్బరి తోటలే. ఉద్యోగం శ్రీకాకుళంలో. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో జీరంగిని పెట్టి తుమ్మాకు మేపిన బ్యాచ్ మాది, కాబట్టి ఈ పిచ్చి నాకు కొత్త కాదు. ఒక ఆగస్టులో మూడు లార్వాలకు 3,600 కట్టాను. బస్సు పార్సిల్లో వచ్చాయి. అద్దె ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ గదీ వాటికే ఇచ్చేసి, నేను హాల్లో చాప వేసుకున్నాను. కరెంటు బిల్లు సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఎత్తుతుంది.

అసలు హెర్క్యులస్ లార్వా అయితే ఏడాది, ఏడాదిన్నర తింటూనే ఉండాలి, వంద గ్రాములు దాటాలి. నావి బొటనవేలంత లావెక్కి ఆగిపోయాయి, నాలుగో నెలలోనే ప్యూపా దశకు వెళ్లాయి. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. చివరికి బయటికొచ్చింది నల్లగా నిగనిగలాడుతూ, రెండంగుళాలైనా లేకుండా, ముక్కు మీద వెనక్కి వంగిన ఒకే ఒక్క కొమ్ముతో. సంక్రాంతికి డబ్బాలో పెట్టుకుని ఊరెళ్లి నాన్నకు చూపించాను. డబ్బా అటూ ఇటూ తిప్పి, "ఏటిరా ఇది, మన గత్తం కుప్పలో కొమ్ము పురుగే కదా. మూడేలెట్టి కొన్నావా? నాకు సెప్తే తట్టతో ఎత్తి ఇచ్చీవోడ్ని" అన్నాడు.

నిజంగానే అది కొబ్బరి తోటల్లో ఉండే కొమ్ము పురుగు. ఎవడో ఏదో పెంటకుప్పలోంచి తీసి నాకు అమెరికా సరుకని అంటగట్టాడు. లార్వాగా ఉన్నప్పుడు ఇవన్నీ ఒకేలా ఉంటాయి: తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల, కొడవలిలా వంకర. ఫొటో చూసి పోల్చుకోవడం మన వల్ల కాదు.

పోనీ మీ అమ్మకందారు నిజాయితీపరుడే, అసలు సరుకే ఇస్తాడనుకోండి. అప్పుడు చిక్కు ఇంకా పెద్దది. హెర్క్యులస్ మధ్య, దక్షిణ అమెరికా అడవులది. మగది కొమ్ముతో కలిపి 17 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చూడ్డానికి అద్భుతమే, కాదనను. కానీ దానికి ఏడాది పొడుగునా 20, 25 డిగ్రీల మధ్య చల్లదనం కావాలి, పులియబెట్టిన గట్టి కర్ర పొట్టు కావాలి. మే నెల విజయనగరంలో ఒక్క రాత్రి కరెంటు పోతే చాలు. పైగా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బతికున్న పురుగుల్ని అనుమతి లేకుండా దేశంలోకి తేకూడదు. పర్మిట్ చూపించమని అడగండి, ఆయన మళ్లీ రిప్లై ఇస్తే చూడాలి.

ఆ రూలు ఎందుకుందో చెప్పడానికి మన కొమ్ము పురుగే సాక్ష్యం. 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో పాటు పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు చేరి అక్కడి కొబ్బరిని నాశనం చేసింది. 2007లో గువాంలో, 2013లో హవాయిలో బయటపడింది. అక్కడి వాళ్లు ఇప్పటికీ దాంతో అవస్థ పడుతున్నారు. మనింటి పురుగు వాళ్లకు పరదేశి, అంతే తేడా.

మరి మీ అబ్బాయికేం చెప్తారు? ఆ కొమ్ము పురుగునే పెంచమనండి. జపాన్ పిల్లలు ఎగబడే కబుతోముషి అనే కొమ్ముల బీటిల్ కూడా అక్కడి ఊళ్లలో ఆకుల ఎరువులో పెరిగేదే. ఆ కొనుగోలు తర్వాత నేను రెండేళ్లు ఇదే పెంచాను, ఒక్క రూపాయి పెట్టకుండా.

అంత తేలిగ్గా ఏమీ కాలేదు లెండి. మొదటిసారి మా కుప్పలోంచి పదకొండు లార్వాలు తెచ్చాను. రెండు వారాల్లో ఏడు చచ్చాయి. కుళ్లిపోలేదు, సుద్దముక్కల్లా బిగుసుకుపోయాయి. ముందు తెల్లటి నూగు పట్టింది, తర్వాత అది ముదురు ఆకుపచ్చ పొడిలా మారింది. నేను మట్టిని, నీళ్లను, ఇంటి ఓనర్ కొట్టించిన దోమల మందును అనుమానించాను. నాన్నకు ఫోన్ చేస్తే తాపీగా, "ఆ కుప్పలో మెటారైజియం కలిపానురా, సెప్పలేదా?" అన్నాడు. కొమ్ము పురుగు లార్వాలను చంపడానికి ఎరువు కుప్పల్లో కలిపే శిలీంధ్రం అది. ఆయన చంపుదామని కలిపిన చోటినుంచి నేను పెంచుదామని ఏరుకొచ్చానన్నమాట.

పెంపకానికి పెద్ద సామాను అక్కర్లేదు. మూతకు సన్నటి చిల్లులు పెట్టిన ఐదు లీటర్ల పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, సగం బాగా మాగిన పశువుల గత్తం, సగం చివికిన కొబ్బరి మొద్దు పొడి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేడెక్కి చంపేస్తుంది. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. డబ్బాకు ఒకటే లార్వా. పైన నల్లటి గింజల్లాంటి పెంటికలు నిండితే మట్టి మార్చే వేళ అయిందని. దాని తిండి, దాని ఇల్లు రెండూ ఆ మట్టే.

నాలుగైదు నెలలకు అది తినడం మానేస్తుంది. ఒంట్లో ఉన్నదంతా ఖాళీ చేసుకుని, ముడతలు పడి, పసుపు తిరుగుతుంది. చుట్టూ మట్టిని అదిమి కోడిగుడ్డంత గది కట్టుకుంటుంది. అదృష్టం ఉంటే ఆ గది డబ్బా గోడకు ఆనుకుని, కిటికీలోంచి చూసినట్టు లోపలంతా కనబడుతుంది. ఇక ఆ డబ్బాను కదపొద్దు. మూడు వారాలు మీ అబ్బాయి చేతులు కట్టుకుని కూర్చోగలిగితే సగం గెలిచినట్టే. నేనొకసారి రాత్రి పదకొండుకు టార్చి వేసి చూస్తుంటే ప్యూపా చర్మం వీపు మీద చిట్లింది. రెక్కల పెంకులు తెల్లగా, తడిసిన కాగితంలా ఉన్నాయి. తెల్లారేసరికి ఇటుక రంగు. నల్లబడటానికి ఇంకో రెండు మూడు రోజులు పట్టింది. నల్లబడ్డాక కూడా వెంటనే బయటికి రాదు, గట్టిపడేదాకా ఆ గదిలోనే ఉంటుంది. తొందరపడి తవ్వకండి.

పెద్దయ్యాక అరటిపండు ముక్క, చెరకు ముక్క చాలు. చేత్తో పట్టుకుంటే పొట్టను రెక్కలకు రాసి "కీచ్ కీచ్"మంటుంది, కరవదు. కొమ్ము ఆడదానికీ ఉంటుంది, కాస్త పొట్టిగా. పొట్ట చివర ఎర్రటి నూగు గుత్తి కనిపిస్తే ఆడది. జంటను ఒక డబ్బాలో ఉంచితే మాగిన ఎరువులో గుడ్లు పెట్టింది, బియ్యపు గింజల్లాంటివి, ముప్పై నాలుగు లెక్కపెట్టాను. అన్నీ పెంచలేం కదా. ఆరు ఉంచుకుని, మిగతావి లార్వాలయ్యాక ఊరికి పట్టుకెళ్లి నాటుకోళ్లకు వేశాను. మా అమ్మ కోళ్లు అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు: పెద్ద పురుగును బయట వదలకూడదు, పొరపాటున కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. పడి కుళ్లిన మొద్దులే ఈ పురుగుకు పురిటిళ్లు. ఇది విచ్చుకోని మొవ్వును తొలుస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో విసనకర్రలా కోసినట్టుంటుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తే చెట్టే పోతుంది. తుపాను తర్వాత మేం పెట్టిన మొక్కల్లో నాన్న ఇనుప ఊచతో వీటిని గుచ్చి తీస్తుంటాడు. ఒకసారి పండక్కి తీసుకెళ్లిన డబ్బా మూతను నా పురుగు తోసుకుని ఎగిరిపోయింది. ఇంటిల్లిపాదీ వీధి లైటు కింద చీపుళ్లతో తిరిగి, అర్ధరాత్రి దాటాక గానీ దొరకలేదు. అంతసేపూ నాన్న ఒక్క మాట అనలేదు, నాకు టెన్షన్ అందుకే. ఆ రోజు నుంచి మూత మీద ఇటుక పెడుతున్నాను.

లార్వాలు కావాలంటే వేసవి చివర్లో, తొలకరికి ముందు రైతులు గత్తం పొలాలకు తోలే రోజుల్లో ఏ పల్లెకైనా వెళ్లండి. పురుగులు ఏరుకుంటామంటే నవ్వుతారు గానీ కాదనరు. కుప్ప దగ్గరికి వెళ్లేముందు, అందులో మెటారైజియం ఏమైనా కలిపారా అని మాత్రం అడగండి. కలిపామంటే పక్కవాళ్ల కుప్ప చూసుకోండి.