ఏడిస్తే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది మల్కాజిగిరి. మావారు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారు. పోయిన నవంబర్‌లో గుండెపోటుతో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆ ఏడాది మొదట్లో చర్చిలో, ఏడాదంతటికీ దేవుడి మాటగా ఆయనకు వచ్చిన వాగ్దాన కార్డు మీద ‘నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే’ అని ఉంది. అది ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. చూసినప్పుడల్లా దేవుడి మీద కోపం వస్తుంది, వెంటనే భయమేస్తుంది. ఆరాధనలో కన్నీళ్లు ఆగకపోతే ‘ఏడవకూడదు, ఆయన పరలోకంలో ఉన్నారు, నువ్వు సాక్ష్యంగా నిలబడాలి’ అంటారు. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు. డాక్టరు మాత్రలు రాశారు. ప్రార్థన ఉండగా మాత్రలేమిటి, అది అవిశ్వాసం అంటోంది మా ఆడపడుచు. అసలు ప్రార్థనే రావడం లేదు నాకు. ఇంటర్ చదివే మా అమ్మాయి చర్చికి రానంటోంది. నా విశ్వాసం చచ్చిపోయిందా?
– ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: చచ్చిపోలేదమ్మా. లేని దేవుడి మీద ఎవరికీ కోపం రాదు.

ముందు ఆ కోపం సంగతే మాట్లాడుకుందాం. యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులయ్యాక యేసు బేతనియకు వచ్చాడు. ‘ప్రభువా, నువ్విక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు’ అని మార్త మొహం మీదే అడిగింది. తర్వాత మరియ వచ్చి, కాళ్ల మీద పడి అదే మాట అంది. ఆయన ఇద్దరినీ కసురుకోలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా వాళ్లతో పాటు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మీరు ఫ్రిజ్ ముందు నిలబడి అడిగేది కూడా ఆ అక్కాచెల్లెళ్లు అడిగిందే. దాన్ని మనసులో తొక్కిపెట్టుకోకండి, ఆయనకే పైకి చెప్పండి. ప్రార్థన అంటే అదే. థెస్సలొనీకయులకు పౌలు రాసింది నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని. అసలు దుఃఖమే వద్దని ఆయన ఎక్కడా అనలేదు. మీ పక్కన కూర్చునేవాళ్లు ప్రేమతోనే అంటున్నారు, కానీ ఆ మాట మీరు మోయలేని బరువు.

ఇక కార్డు. ఆ వాక్యం నిర్గమకాండం 15లోది. ఎర్రసముద్రం దాటిన జనం మూడు రోజులు నీళ్లు లేక నడిచారు. తీరా దొరికిన నీళ్లు చేదు. వాళ్లు సణిగితే, మోషే మొరపెడితే, దేవుడు నీళ్లు తియ్యగా మార్చి, తన మాట వింటే ఐగుప్తు రోగాలు రానివ్వనని చెబుతూ అన్న మాట అది. దారిలో ఉన్న ఒక జనాంగమంతటికీ చెప్పింది. ఫలానా మనిషికి ఫలానా ఏడాది గుండెపోటు రాదని అందులో లేదు. వాగ్దాన కార్డుల అలవాటు నాకు ఇష్టమే, కానీ జాతకం చీటీ చూసినట్టు చూసే పద్ధతి మన సంఘాల్లో పెరిగింది, దాని దెబ్బ మీలాంటివాళ్లకు తగులుతోంది. కార్డు తీసి మీవారి బైబిల్లో పెట్టండి. పారేయనక్కర్లేదు, రోజూ చూసి నలిగిపోనూ అక్కర్లేదు.

మాత్రల గురించి గట్టిగానే చెబుతాను, ఎందుకంటే నేను రిటైరయ్యేదాకా నర్సుగా పనిచేశాను. వేసుకోండి. ఏ మాత్ర ఎందుకో డాక్టరునే అడగండి. డిప్రెషన్ మాత్రలైతే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పనిచేయలేదనో, బాగానే ఉందనో మీ అంతట మీరు ఆపకండి. మీ ఆడపడుచుగారికి మొదటి రాజులు 19 చదివి వినిపించండి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ‘నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. దేవుడు అతనితో మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తర్వాతెప్పుడో. పౌలు వెంట తిరిగిన లూకా కూడా వైద్యుడే కదా. ‘మందులు మానేస్తేనే స్వస్థత’ అని ఎవరైనా అంటే, స్వస్థత ప్రార్థనకు డబ్బు అడిగితే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే మనవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. ఆ ఆసుపత్రి మెట్లెక్కి మామూలు మనుషులై తిరిగొచ్చిన విశ్వాసులను నేనెరుగుదును. బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ప్రార్థన రాని రోజుల్లో 88వ కీర్తన చదవండి. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు. సికింద్రాబాద్‌లో మా స్త్రీల కూడికకు భర్త పోయిన ఒకామె వచ్చేది. చాలా రోజులు నోరు తెరవలేదు. పక్కనున్న పెద్దావిడ పాటల పుస్తకం ఇద్దరి మధ్యా పట్టుకుని, పాట ఎక్కడిదాకా వచ్చిందో వేలితో చూపిస్తూ తనే పాడేది. పాడమని ఒక్కసారీ అడగలేదు. అలాంటి మనిషి మీ సంఘంలోనూ ఉంటారు. పాస్టరమ్మగారిని కలిసి, ఊరికే వచ్చి నా పక్కన కూర్చునేవాళ్లు ఒకరు కావాలని అడగండి. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు పక్కన అతని స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. నోరు విప్పాకే గాయం పెద్దది చేశారు.

అమ్మాయిని చర్చికి రమ్మని బలవంతం చేయకండి. తనకూ అదే కోపం ఉండొచ్చు. మీరు ఏడిస్తే తను కూలిపోతుందని మీరు, తను ఏడిస్తే మీరు కూలిపోతారని తను, చెరో గదిలో దాక్కుంటున్నారేమో. ఆదివారం సాయంత్రం ఇద్దరూ నారాయణగూడకో, భోయిగూడకో, ఆయన సమాధి ఎక్కడుంటే అక్కడికి వెళ్లి రండి. మీ కోపం సంగతి ముందు మీరే చెప్పండి. తను మాట్లాడితే మధ్యలో వాక్యం చెప్పి ఆపకండి, మొత్తం చెప్పనివ్వండి.