రాత్రి ఆకాశం వేయాలంటే ముందు ఫ్యాను ఆపండి, నల్లరంగు పక్కన పెట్టండి

మీరు అడిగింది ఇది: వాటర్ కలర్స్ మొదలుపెట్టి రెండు నెలలైంది, రాత్రి ఆకాశం ఎన్నిసార్లు వేసినా చారలూ మరకలూ పడుతున్నాయి, నలుపు బురదలా తేలుతోంది, ఏ రంగులు కొంటే బాగుంటుంది అని. రంగుల సంగతి చివర్లో చెబుతానండి. ఎనిమిదేళ్లుగా విజయవాడ ఎండలో కూర్చుని ఇదే పని చేస్తున్నదాన్ని కాబట్టి ఒక్క మాట గట్టిగా అనగలను. మీ బొమ్మ పాడవడానికి రంగులు కారణం అయ్యుండవు. మీ నెత్తిమీద ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, ముందు పల్చటి కాగితం ఉంటుంది, పక్కన నల్లరంగు ట్యూబు మూత తీసి ఉంటుంది.

ముందు ఫ్యాను. వీడియోల్లో నేర్పేవాళ్లు చాలామంది చలిదేశాల్లో కూర్చుని వేస్తారు. కాగితం తడిపి, తీరిగ్గా రంగు కలుపుకుని వచ్చినా వాళ్లకి తడి అలాగే ఉంటుంది. మనకి మే నెలలో 42, 43 డిగ్రీల వేడి, పైన అయిదులో తిరిగే ఫ్యాను. పై అంచున నీలం పూసి కింది అంచుకి వచ్చేలోపే పైన ఆరడం మొదలవుతుంది. అయ్యో చార పడిందే అని సగం ఆరినచోట మళ్లీ తడి బ్రష్షు పెడతాం. ఆ కొత్త నీరు ఆరుతున్న రంగుని తోసుకుంటూ పోయి, ఆగినచోట కాలీఫ్లవర్ పువ్వులా మరక కడుతుంది. దాన్ని ఎంత రుద్దినా పోదు, కాగితమే లేచిపోతుంది. అందుకని ఆకాశం పూసే ఆ పది నిమిషాలూ ఫ్యాను ఆపండి. చెమట చుక్క కాగితం మీద పడకుండా మెడలో తువ్వాలు వేసుకోండి. తెల్లవారుజామున అయిదింటికి కూర్చోగలిగితే మరీ మంచిది. కాగితాన్ని టేపు లేకుండా పరిచేటట్టయితే రెండువైపులా తడపండి, కింది తడి పై తడిని కాపాడుతుంది. వానాకాలంలో కథ తలకిందులు. గంటైనా ఆరదు, ఆరిందనుకుని రెండో పూత వేస్తే మొదటిది లేచి వస్తుంది. చేతి వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

కాగితం గురించి ఎక్కువ చెప్పను. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటిది), నూరుశాతం కాటన్. చేతిలో ఉన్న డబ్బు దీనిమీద పెట్టండి. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం ఒక్క తడికే అలలు అలలుగా లేస్తుంది, ఆ గుంటల్లో రంగు మడుగు కడుతుంది. 22 అంగుళాలకి 30 అంగుళాలుండే పెద్ద షీటుని ఎనిమిది ముక్కలు చేసుకుంటే నోటుపుస్తకం అంత ముక్కలు వస్తాయి, ఖరీదు అంత బాధించదు. నా బాధల్లా మన షాపుల గురించే. 48 రంగుల పెట్టెలు గోడకి వరసగా పేర్చి పెడతారు, కాటన్ షీటు అడిగితే చార్టు తీసి ఇస్తారు. పిల్లలు ఆ పెట్టె కొనుక్కుని, చార్టు మీద వేసి, తమకి చెయ్యి తిరగలేదని మానేస్తున్నారు. ఎంతమందిని చూశానో.

ఇక నలుపు. ఇది నాకు మనసుకి తగిలిన విషయం. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక పోటీలో రాత్రి బొమ్మ వేయమన్నారు. తను చిక్కటి నీలంతో ఆకాశం వేసి, కింద ఇళ్లు మాత్రం నల్లగా వేసింది. మార్కులు వేసిన ఆయన ఆ కాగితం పైకెత్తి, రాత్రంటే నల్లగా ఉండాలమ్మా, ఇది సాయంత్రం అయింది అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు అది రాత్రి బొమ్మ జోలికే పోలేదు. అప్పుడు నేనూ ఆయన మాటే నిజమేమో అనుకుని ఊరుకున్నాను. తప్పు ఎవరిదో నాకు 2024 సెప్టెంబరులో తెలిసింది.

మా ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. తెల్లారి చూస్తే గేటు దగ్గర ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి కింద వాటాలో మంచం ఎత్తు దాటాయి. అత్తయ్యగారినీ మామయ్యగారినీ పైకి తీసుకొచ్చాం. బియ్యం డబ్బా, గ్యాస్ బండ, మామయ్యగారి షుగరు మందులు, పిల్ల పుస్తకాలు మోసుకొచ్చాం. కింద బీరువా అడుగు అరలో పెట్టిన నా కాటన్ షీట్లు ఆ హడావిడిలో ఎవరికీ గుర్తు రాలేదు. కరెంటు పోయింది, ఫోన్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. మర్నాడు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని పక్క డాబా మీద రేడియో పట్టుకుని కూర్చున్న బాబాయిగారు అరిచి చెప్పారు.

ఆ సోమవారం పోలాల అమావాస్య. ఏటా కంద మొక్క తెచ్చి, గారెలు వండి చేసుకునే పూజ. అత్తయ్యగారు డాబా మీద ఇటుక ముక్కకి పసుపు రాసి, దారానికి పసుపుకొమ్ము కట్టి, కంద లేకుండానే దణ్ణం పెట్టుకున్నారు. అమావాస్య అని అందుకే నాకు ఖాయంగా గుర్తు. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మబ్బు విడిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను, అన్ని చుక్కలు ఎప్పుడూ చూడలేదు. వీధి దీపం లేదు, షాపు బోర్డు లేదు, ఒక్క ఇంట్లో బల్బు లేదు. మామయ్యగారిది తెనాలి పక్కన పల్లె, చిన్నప్పుడు పొలం కాపలా పడుకున్న మనిషి. నైరుతి వైపు తేలుని, అంటే వృశ్చికరాశి చుక్కల గుంపుని, చూపించారు. కొండి వంకర తిరిగి స్పష్టంగా ఉంది, మధ్యలో జ్యేష్ఠ నక్షత్రం సన్నటి నిప్పురవ్వలా ఎర్రగా. నడినెత్తిన పాలపుంత ఉందా లేదా అన్నట్టు పలుచటి తెల్లమరక. తెల్లవారుజామున మళ్లీ లేపి నడినెత్తిన పిల్లలకోడిని చూపించారు, పుస్తకాల్లో కృత్తిక అనేది దాన్నే.

నేను మాత్రం చుక్కలకంటే వాటి వెనకున్నదాన్ని చూస్తూ కూర్చున్నాను. అంత చీకట్లోనూ ఆకాశం నల్లగా లేదు! ఎదురింటి వాటర్ ట్యాంకు నల్లగా ఉంది. కొబ్బరి చెట్టు తల నల్లగా ఉంది. కరెంటు స్తంభం, దానికి వేలాడే తీగలు నల్లగా గీత గీసినట్టు ఉన్నాయి. అవి అంత నల్లగా కనపడ్డాయంటే వెనక ఆకాశం వాటికంటే వెలుగుగా ఉండబట్టే కదా. వీధిలో నిలిచిన నీళ్లు ట్యాంకంత నల్లగానూ లేవు, ఆకాశమంత వెలుగుగానూ లేవు, మధ్యలో ఉన్నాయి. దక్షిణం వైపు, కరెంటు ఉన్న పేటల మీద, మట్టి కలిసిన పసుపు రంగు వెలుగు నేలకి ఆనుకుని ఉంది. నల్లదనమంతా కింద ఉంది, మనుషులం ఉన్నచోట.

రాసుకోవడానికి మా అమ్మాయి లెక్కల నోటుపుస్తకం, పెన్సిలు దొరికాయి. చీకట్లో బొమ్మ గీయలేక గళ్లు గీసి అంకెలు వేసుకున్నాను, అన్నిటికంటే వెలుగుకి 1, అన్నిటికంటే చీకటికి 5. ట్యాంకు 5, కొబ్బరి 5, నీళ్లు 4, నడినెత్తిన ఆకాశం 3, దక్షిణం అంచు 2, పక్క డాబా మీద బాబాయిగారి టార్చి 1. అంతే. నేను వాటర్ కలర్‌లో నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఒక్క పేజీలో ఉంది. చీకట్లో మన కంటికి రంగులు సరిగా తెలియవు, వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. అలాంటప్పుడు ఏ నీలం అన్నదానికంటే ఎంత చిక్కన అన్నదే బొమ్మని నిలబెడుతుంది. ఆకాశానికే 5 వేసేస్తే ఇళ్లకీ చెట్లకీ ఇక ఏం మిగులుతుంది? మీకు బురదలా అనిపిస్తున్నది అదే. అన్నీ ఒకే చీకటి అయిపోయాయి.

నీళ్లు పూర్తిగా తీసేసరికి వారం దాటింది. బీరువా తెరిస్తే షీట్లన్నీ బురద పీల్చి, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకున్నాయి. కడిగి ఆరబెట్టి చూశాను. రంగు పెట్టగానే బ్లాటింగ్ పేపర్‌లా లోపలికి లాగేసుకుంది. కాగితం మీద రంగు కాసేపు నిలిచి కదలాలంటే జిగురు పూత ఉండాలి, అది పోయింది. కార్తీకమాసంలో కొత్త షీటు కొని, తెల్లవారుజామున చలిలో, ఆ అంకెల పేజీ ముందు పెట్టుకుని వేశాను. మొదటిసారి నా ఆకాశం లోతుగా వెనక్కి వెళ్లింది. మా అమ్మాయి ఇంటర్‌లో ఉంది ఇప్పుడు, అది చూసి తన ఆరో తరగతి బొమ్మ అటక మీద నుంచి తీసి పక్కన పెట్టింది. తను వేసింది సరిగ్గానే ఉంది.

ఎలా వేయాలంటే. కాగితాన్ని పిల్లల పరీక్ష అట్ట మీద మాస్కింగ్ టేపుతో నాలుగువైపులా అంటించండి. తడిపాక నిలిచిన నీరంతా మెరుస్తూ ఉంటుంది, అది కాస్త తగ్గి పట్టుబట్ట నిగనిగలా అయ్యేదాకా ఆగండి. రంగు మాత్రం మీరు అనుకున్నదానికంటే చిక్కగా కలపాలి. కాగితం మీద ఎలాగూ నీరు ఉంది, అంతటా మజ్జిగలాంటి రంగే పెడితే కొట్టుకుపోతుంది. నడినెత్తికి పెరుగులా, మధ్యకి పాలలా, అంచుకి మజ్జిగలా అని గుర్తుపెట్టుకోండి. పెద్ద బ్రష్షుతో అడ్డంగా నాలుగైదు సార్లు పూసి, అట్టని కాస్త వాల్చి, చేతులు వెనక్కి తీసుకోండి. మళ్లీ ముట్టుకోవద్దు. ఆరాక ఒక మెట్టు వెలిసిపోతుంది, కంగారుపడకండి, వాటర్ కలర్ స్వభావమే అది. చాలకపోతే పూర్తిగా ఆరాక రెండో పూత. ఇళ్లూ చెట్లూ అన్నిటికంటే చివర్న, అన్నిటికంటే చిక్కగా.

చుక్కలకి పాత టూత్ బ్రష్షు, తెల్ల పోస్టర్ కలర్. ఇళ్ల మీద పాత పేపరు కప్పి, బొటనవేలితో కుచ్చుని మీటండి. ముందు వేరే కాగితం మీద రెండుసార్లు మీటి చూసుకోండి, నీరెక్కువైతే చుక్కలు కాదు, బొట్లు పడతాయి. అంచు దగ్గర చుక్కలు తక్కువగా ఉండాలి, దుమ్మూ ఊరి వెలుగూ అక్కడ మింగేస్తాయి. పెద్ద చుక్కలు మూడో నాలుగో చేత్తో పెట్టండి, ఒకదానికి రవ్వంత నారింజ కలపండి. చుక్కలన్నీ తెల్లగా ఉండవని ఆ రాత్రి జ్యేష్ఠ నాకు చూపించింది.

చంద్రుడి విషయంలో దయచేసి ఒకటి గమనించండి. నెలవంక ఒడిలో చుక్క పెట్టిన బొమ్మలు కోకొల్లలుగా చూస్తున్నాను. ఆ చీకటి భాగం కూడా చంద్రుడే, దాని ముందు చుక్క ఎలా ఉంటుంది? మన వైపు విదియ నాడు పడమట కనిపించే చంద్రవంక దాదాపు పడవలా పడుకుని ఉంటుంది, పాశ్చాత్య బొమ్మల్లోలా నిలబడదు. పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళకి తూర్పున లేస్తాడు, కార్తీక పౌర్ణమికి సీతానగరం ఒడ్డున నిలబడితే బెజవాడ మీదుగా నారింజ పండులా పైకొస్తాడు. ఆ రాత్రి చుక్కలు చాలా తక్కువ. నిండు చంద్రుడినీ పాలపుంతనీ ఒకే కాగితం మీద పెట్టకండి. ధ్రువ నక్షత్రం కూడా మనకి 16 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, అంటే ఎదురింటి ట్యాంకు చాటున. ఊదా, గులాబీ కలిపిన గెలాక్సీలు ఫోనులో చూసి వేసే బదులు ఒక అమావాస్యకి అమరావతి వైపు కరకట్ట మీదికి ఇంట్లోవాళ్లని తీసుకుని వెళ్లండి. ఒక కాగితం మీద అంకెలు రాసుకుని రండి.

ఇప్పుడు మీరు అడిగిన రంగులు. అల్ట్రామెరీన్ అనే నీలం ఒకటి. ఒకప్పుడు ఇది ఆఫ్ఘనిస్తాన్ బదక్షాన్ గనుల్లోని రాయి నూరి చేసిన రంగు, బంగారంతో సమానంగా అమ్మేవారు. 1820ల్లో ఫ్రాన్స్‌లో కృత్రిమంగా చేయడం వచ్చాక చవకై, మన అమ్మలు తెల్లపంచెలకి పెట్టిన పొడి నీలం దాకా వచ్చింది. దీని రేణువులు కాగితం గుంటల్లో దిగి సన్నటి గరుకు ఇస్తాయి, రాత్రికి అది చాలా అందం. రెండోది బర్న్ట్ అంబర్, ముదురు గోధుమ రంగు. ఈ రెండూ చిక్కగా కలిపితే ట్యూబులో నలుపుకంటే మంచి చీకటి వస్తుంది, నీలం పాళ్లు ఎక్కువైతే ఆకాశం, అంబర్ ఎక్కువైతే ఇళ్లు. మూడోది ప్రష్యన్ బ్లూ, కొంచెమే వాడండి, కాగితాన్ని పట్టేస్తుంది, తుడిస్తే రాదు. ఇండిగో పేరుతో అమ్మేవి ఇప్పుడు చాలావరకు నీలం, నలుపు కలిపిన మిశ్రమాలే, అది లేకపోయినా గడుస్తుంది. ఆకాశం కింది పసుపు అంచుకి ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు. తెల్ల పోస్టర్ కలర్ చిన్న సీసా. బ్రష్షులు రెండు చాలు, అంగుళం వెడల్పుది ఒకటి, గుండ్రటి 8 నంబరు ఒకటి.