అమెరికా యూనివర్సిటీల్లో ఆటల విభాగాన్ని నడిపేది ఎవరు? కోచ్‌ల జీతాలు మన ఫీజుల్లోంచే ఇస్తారా?

ఫీజు సంగతి యూనివర్సిటీని బట్టి ఉంటుంది. నేను ఎంఎస్ చేసింది మిషిగన్ రాష్ట్రంలో ఓ మామూలు యూనివర్సిటీలో. మొదటి సెమిస్టర్ బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు అని ఓ లైను కనబడింది. బంతి ముట్టని నాకెందుకండీ ఇది అని అడిగితే, అందరికీ వేస్తాం అన్నారు. ఇలాంటివే ఎక్కువ. ఆటల ఖర్చులో పెద్ద భాగం విద్యార్థుల ఫీజులు, యూనివర్సిటీ నిధుల నుంచే వస్తుంది.

పెద్ద యూనివర్సిటీల కథ వేరు. మా పెద్దమ్మ కొడుకు ఆన్ ఆర్బర్‌లో, యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో చదివేవాడు. ఓ శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లాక్కెళ్లాడు. గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ల ముందు లోయ! స్టేడియంలో చాలా భాగం నేలలోకి తవ్వి కట్టారు, అందుకే సీటు కోసం మెట్లు దిగాలి. బెంచీ మీద అంకెలు వేసి ఉంటాయి. చలికోటు వేసుకున్న మనిషి ఆ అంకెకి కేటాయించిన చోటులో సగమే పడతాడు, మిగతా సగం పక్కవాడి ఒళ్లో. మొత్తం 1,07,601 సీట్లు. ఆ చివరి 1 ఫ్రిట్జ్ క్రిస్లర్ అనే పాత డైరెక్టర్ గౌరవార్థం. అది ఏ సీటో మాత్రం చెప్పరు.

ఈ డైరెక్టర్‌నే అథ్లెటిక్ డైరెక్టర్ అంటారు. ఆటల విభాగానికి పెద్ద ఆయనే. స్టేడియం కట్టించిన ఫీల్డింగ్ యోస్ట్ 1901లో కోచ్‌గా వచ్చి, 1921లో డైరెక్టర్ అయ్యాడు. డబ్బుకి బాండ్లు అమ్మాడు: ఒక్కోటి 500 డాలర్లు, 3 శాతం వడ్డీ, పైగా మంచి చోట టికెట్ కొనుక్కునే హక్కు. 1927లో తెరిచినప్పుడే, ఎప్పటికైనా లక్ష మంది వస్తారని పునాదులు దానికి తగ్గట్టు వేయించాడు. ఆ రోజుల్లో పిచ్చి అనే అనుకుని ఉంటారు.

నాకు మాత్రం 1968లో డైరెక్టర్‌గా వచ్చిన డాన్ కానమ్ అంటే ఎక్కువ ఇష్టం. అంతకుముందు పరుగుపందేల కోచ్. సీట్లు ఖాళీగా ఉంటున్నాయని ఇళ్లకు పోస్టులో ప్రకటనలు పంపాడు, యూనివర్సిటీ గుర్తున్న సరుకులు అమ్మించాడు, ఫుట్‌బాల్‌కి బో షెంబెక్లర్‌ని కోచ్‌గా తెచ్చాడు. 1975 నవంబరు నుంచి దశాబ్దాల పాటు అక్కడ ప్రతి మ్యాచ్‌కీ లక్ష దాటారు.

డైరెక్టర్ మాటకి ఎంత బలమో 1989లో తెలిసింది. అప్పుడు డైరెక్టర్ ఆ బో షెంబెక్లరే. బాస్కెట్‌బాల్ కోచ్ బిల్ ఫ్రీడర్ సరిగ్గా జాతీయ టోర్నమెంట్ ముందు అరిజోనా స్టేట్ అనే వేరే యూనివర్సిటీకి వెళ్తున్నానన్నాడు. టోర్నీ అయ్యాక వెళ్తానన్నా బో ఒప్పుకోలేదు. అసిస్టెంట్ స్టీవ్ ఫిషర్‌కి పగ్గాలిచ్చాడు. ఆ జట్టే ఫైనల్లో సీటన్ హాల్ యూనివర్సిటీ జట్టుని 80-79తో ఓడించి కప్పు ఎత్తింది!

ఇలాంటి చోట కోచ్ జీతం మన ఫీజుల మీద పడేది తక్కువే. టికెట్లు, దాతలు, అన్నిటికన్నా టీవీ డబ్బు. ప్రసార హక్కుల మీద ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంఘం) పెత్తనాన్ని 1984లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ డబ్బు పెరిగింది. ఈత, రెజ్లింగ్ లాంటి జట్లను పోషించేది కూడా ఎక్కువగా ఫుట్‌బాల్ రాబడే. 2025 నుంచి ఆటగాళ్లకూ నేరుగా వాటా ఇవ్వొచ్చు.

మీకు అడ్మిషన్ వచ్చిన చోట ఫీజుల పేజీ ఓసారి చూసుకోండి. నాకు ఆ లైను కట్టినందుకు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు ఫ్రీ. రెండేళ్లలో ఒక్కసారే వెళ్లాను, అదీ పిజ్జా పెడుతున్నారని.