తాబేలు డిప్ప మీద తెల్ల మచ్చలు: డాక్టరుకు చూపిస్తే కేసవుతుందా?

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒకావిడ అడిగిన సందేహం ఇది. రెండేళ్ల కిందట వాళ్ల మరిది ఒక తాబేలు తెచ్చిచ్చాడట, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని. నల్లటి డిప్ప, ప్రతి పలక మీదా నడిమి నుంచి చీలినట్టు పసుపు గీతలు. ఈమధ్య డిప్ప మీద తెల్ల మచ్చలు వచ్చాయి, ఒక పలక అంచు మెత్తబడింది, మెడ దగ్గర చర్మం పొరలుగా లేస్తోంది. "పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే ఫారెస్టు వాళ్లకు చెప్పేస్తారు, కేసవుతుంది అని పక్కింటాయన భయపెట్టాడు. ఏం చేయమంటారు సార్?"

అమ్మా, పక్కింటాయన సగమే చెప్పాడు. డాక్టరుకు చూపించడం నేరం కాదు. ఆ తాబేలును ఇంట్లో పెట్టుకోవడమే నేరం, అది రెండేళ్ల కిందటే మొదలైంది.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది నక్షత్ర తాబేలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ వచ్చాక ఇది మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఇచ్చినంత రక్షణ. కొన్నా నేరమే, ఎవరో ఊరికే ఇస్తే పెట్టుకున్నా నేరమే. రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పైగా కనీసం 25 వేల జరిమానా. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుళ్లో ఈ తాబేళ్లు ఉన్నాయి కదా అని నన్ను చాలామంది అడుగుతారు. గుడి సంగతి గుడిది, అది మీ ఇంటికి పర్మిషన్ కాదు.

సెక్షన్ 39 ప్రకారం ఇలాంటి జంతువు ప్రభుత్వ ఆస్తి. ఎలా చేతికొచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ అటవీ అధికారికి గానీ తెలపాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది, దాన్ని నేను మాయం చేయలేను. కానీ ఎవరో ఫిర్యాదు చేస్తే ఇంటికొచ్చి పట్టుకోవడం వేరు, జబ్బు చేసిన ప్రాణిని మీ అంతట మీరే తీసుకెళ్లి అప్పగించడం వేరు. కేసు పెట్టరని గ్యారంటీ ఇవ్వను, పెట్టినా మీ ఉద్దేశం ఏంటో ఆ అప్పగింతే చెబుతుంది.

కాబట్టి అటవీ శాఖ ఆఫీసుకే తీసుకెళ్లండి. ఎస్వీ జూ పార్కు మన ఊళ్లోనే ఉంది, వెటర్నరీ కాలేజీ కూడా ఉంది, చికిత్సకు ఎక్కడికి పంపాలో వాళ్లు చూసుకుంటారు. కాగితం మీద ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నాయి అన్నది రాసి రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. రోడ్డు మీద దొరికిందని మాత్రం కథ అల్లొద్దు, మరిదిని కాపాడబోయి మీరు ఇరుక్కుంటారు. రాసిన ప్రతి మాటా రేపు మీ వాంగ్మూలం లాగే చూస్తారు గనక, ఇచ్చేముందు ఆ కాగితం స్థానిక లాయరుకు చూపించండి, వీలైతే వెంట తీసుకెళ్లండి.

టెన్షన్‌లో చాలామంది చేసే పని, రాత్రిపూట కపిలతీర్థం పక్క కొండల్లో వదిలేసి రావడం. ఆ పని అసలు చేయొద్దు. నేరం అక్కడితో పోదు, ఆపైన దాని జబ్బు అడవిలో ఉన్న వాటికీ అంటుకోవచ్చు.

నేను డాక్టర్ని కాను, కానీ ఇలాంటి కేసుల్లో వెటర్నరీ రిపోర్టులు చాలా చదివాను. డిప్ప ఎగుడుదిగుడుగా ఉండడం ఈ జాతికి కొంతవరకు సహజమే. మెత్తబడడం మాత్రం మామూలు విషయం కాదు. ఎండ తగలక, కాల్షియం అందక కావచ్చు, లేదా డిప్ప కుళ్లు మొదలై ఉండొచ్చు. మెత్తటి చోట వాసన గానీ రసి గానీ ఉందేమో చూసి, కాళ్ల సందుల్లో, మెడ మడతల్లో గోమార్లు ఉన్నాయేమో కూడా చూసి కాగితంలో రాయండి. డిప్ప మీద కొబ్బరినూనె, పసుపు ఏమీ పూయొద్దు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, తాబేళ్ల నుంచి సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా వస్తుంది, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

ఫోటోలు తీసుకోండి గానీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే అట్టపెట్టెలో పొడి గుడ్డ పరిచి పెట్టండి. బకెట్లో నీళ్లు పోసి మాత్రం తేవద్దు, అది నేల తాబేలు, ఈత రాదు.