రన్నింగ్ బ్యాకా, పళ్ల డాక్టరా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. అబ్బాయి టెన్త్ గ్రేడ్, స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ టీములో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. కాలేజీలోనూ ఆడతానని పట్టు. మాకేమో డెంటిస్టును చెయ్యాలని. ఆట మాన్పించమంటారా?

జవాబు: వద్దండీ. ఆ రెండూ చేసిన మనిషి ఒకరున్నారు, బిల్లీ కానన్. లూసియానా స్టేట్ యూనివర్సిటీ హాఫ్‌బ్యాక్, అంటే మీవాడిలాగే రన్నింగ్ బ్యాకే. 1959 అక్టోబరు 31 రాత్రి ఒలె మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టు దూరంగా తన్నిన బంతిని అందుకుని, మీదపడ్డవాళ్లను విదిలించుకుంటూ 89 గజాలు పరుగెత్తాడు. ఆట 7-3తో గెలిచారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఆ ఏడు ఆయనకే. తర్వాత ప్రొఫెషనల్ జట్టు హ్యూస్టన్ ఆయిలర్స్‌కు ఆడుతూ 1961లో 948 గజాల పరుగుతో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. నాలుగేళ్లు తిరక్కుండా ఆయన తర్వాతి జట్టు ఓక్లాండ్ వాళ్లు ఆయన్ని టైట్ ఎండ్‌గా, అంటే ఎదుటివాళ్లను అడ్డుకుంటూ పాసులు అందుకునేవాడిగా, మార్చేశారు. రన్నింగ్ బ్యాక్ అంటే అంతేనండీ, బంతి చేతికొచ్చినప్పుడల్లా దెబ్బలే. ఒళ్లు త్వరగా అరిగిపోతుంది.

కానన్ ఆటలో ఉండగానే డెంటల్ కోర్సు చదివాడు. తర్వాత బాటన్ రూజ్‌లో పళ్ల వరస సరిచేసే డాక్టరుగా ప్రాక్టీసు పెట్టాడు. ఇక్కడిదాకా మీరు కోరుకున్న కథే. కానీ 1983లో దొంగ నోట్ల కేసులో దొరికి జైలుకెళ్లాడు, అప్పులు అంతదాకా తెచ్చాయి. బయటికొచ్చాక 1990లలో లూసియానాలోనే ఉన్న అంగోలా జైల్లో ఖైదీల పళ్లు చూసే ఉద్యోగం దొరికింది. పేరు పోయిన మనిషికి కూడు పెట్టింది ఆ చదువే. ముంచింది ఆట కాదు, డబ్బు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరుమీద ప్రకటనల సొమ్ము తీసుకోవచ్చు కాబట్టి మీవాడికి లెక్కలు చూసుకోవడం ఇప్పుడే నేర్పండి.

ఇక పని మాట. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు లాంటివి), వాటిలో 4కి కనీసం 2.3 జీపీఏ ఉండాలి. డెంటల్ సీటుకు అది ఏ మూలకూ చాలదు, గురి చాలా పైన పెట్టుకోవాలి. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు గానీ, చదువుకు వీలు ఎక్కువ. నన్నడిగితే ముందు అటే చూస్తాను.

కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబులు తరచూ మధ్యాహ్నాలే పడతాయి, ప్రాక్టీసూ అప్పుడే. ఏ కాలేజీ కోచ్ పిలిచినా మొదట ఈ ప్రశ్న వెయ్యండి: ల్యాబ్ ఉన్న రోజు మావాడు ఆలస్యంగా రావచ్చా?