పరీక్ష ఒకటే, రూలు మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే

ప్రశ్న: మా తోడికోడలు ఇంటర్ మధ్యలో మానేసింది. పెళ్లయ్యాక ఈమధ్యే న్యూజెర్సీకి, మా దగ్గరకు వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చదవాలని తన ఆశ. హైస్కూలు పూర్తి చేయనివాళ్లు దానికి సమానంగా రాసే జీఈడీ పరీక్ష పాసైతే చాలా? టెక్సస్‌లో మా బంధువులకు సర్టిఫికెట్ వచ్చింది, ఇక్కడేమో డిప్లొమా ఇస్తారంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ నిజమేనమ్మా. ప్రశ్నపత్రం అన్ని చోట్లా ఒకటే అయినా పాసయ్యాక కాగితం ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. న్యూజెర్సీ, మేరీల్యాండ్ హైస్కూల్ డిప్లొమానే ఇస్తాయి, టెక్సస్ అయితే హైస్కూలుతో సమానమని సర్టిఫికెట్ ఇస్తుంది. పేరు చూసి టెన్షన్ పడకండి, కమ్యూనిటీ కాలేజీ అడ్మిషన్‌కీ, చదువుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయానికీ మామూలుగా రెండూ చెల్లుతాయి. అసలు తేడా షరతుల్లో ఉంటుంది. ఇల్లినాయిస్‌లో జీఈడీతో పాటు రాజ్యాంగం మీద ఇంకో పరీక్ష కూడా పాసైతేనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. అందుకే ఫీజు కట్టే ముందు మీ రాష్ట్ర విద్యాశాఖ రూల్స్ ఒకసారి చదవండి.

సబ్జెక్టులు నాలుగు: ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్. మార్కులు 100 నుంచి 200 దాకా ఉంటాయి, ప్రతి సబ్జెక్టులోనూ 145 రావాలి. సైన్స్‌లో 170 వచ్చి లెక్కల్లో 143 దగ్గర ఆగిపోతే ఆ ఎక్కువ మార్కులు ఇటు కలపరు. కాకపోతే లెక్కలు ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు, నాలుగూ ఒకే రోజు రాయాలనీ లేదు.

మన దగ్గర చదువుకున్నవాళ్లకు లెక్కల కంటే ఇంగ్లిష్ పేపర్లోని వ్యాసమే కష్టమని నా అభిప్రాయం. 45 నిమిషాల టైమిస్తారు. ఒకే విషయం మీద రెండు ఎదురెదురు వాదనలిచ్చి, ఏ వాదనకు ఆధారాలు బలంగా ఉన్నాయో అందులోని మాటలతోనే చూపించమంటారు. మనమేమో అలవాటు కొద్దీ సొంత అభిప్రాయం రాసేస్తాం, మార్కులు పోయేది అక్కడే. పరీక్ష ఇంగ్లిష్, స్పానిష్‌లో తప్ప తెలుగులో లేదు కాబట్టి ఇప్పట్నుంచే వారానికి రెండు వ్యాసాలైనా రాయించండి.

పాత పుస్తకాలు కొనేటప్పుడు కాస్త చూసుకోండి. జీఈడీ లాంటిదే టాస్క్ అనే ఇంకో పరీక్ష 2021తోనే ఆగిపోయింది, దాని గైడ్లు ఎవరైనా ఇచ్చినా వద్దనండి. ఇంకో ముఖ్యమైన మాట, పరీక్షే లేకుండా డబ్బు కడితే ఇంటికి డిప్లొమా పంపిస్తామనేవాళ్లు మోసగాళ్లు. అసలైన జీఈడీని ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాసినా కెమెరాలో ఒకరు చూస్తూనే ఉంటారు, పైగా ముందు జీఈడీ రెడీ అనే ప్రాక్టీస్ పరీక్షలో పాసయ్యే స్థాయి చూపిస్తేనే దానికి అనుమతి.

అన్నట్టు, మీ తోడికోడలు ఇంటర్ పూర్తి చేసి ఉంటే ఇదంతా అక్కర్లేకపోయేది, ఆ సర్టిఫికెట్‌ను ఇక్కడి చదువుతో పోల్చి మదింపు చేయించుకుంటే చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతా పాఠకులు ముందు అది కనుక్కోండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటాం. మా అబ్బాయికి 16 ఏళ్లు. స్కూలు మానేసి జీఈడీ రాస్తానని పట్టుబడుతున్నాడు. కుదురుతుందా?
– ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే కుదరదండీ. మీ రాష్ట్రంలో మామూలుగా 18 నిండాలి, లేదా ఆ పుట్టినరోజుకు 60 రోజుల లోపు ఉండాలి. 16 ఏళ్లవాళ్ల కోసం కాలిఫోర్నియా ప్రొఫిషియెన్సీ ప్రోగ్రామ్ అని వేరే పరీక్ష ఉంది, రాష్ట్ర చట్టం ప్రకారం దాని సర్టిఫికెట్ హైస్కూల్ డిప్లొమాతో సమానం. అయితే అది పాసైనా 18 నిండేదాకా మీ అనుమతి లేకుండా స్కూలు మానలేడు, కాబట్టి నిర్ణయం ఇంకా మీ చేతిలోనే ఉంది. సంతకం పెట్టే ముందు స్కూలు కౌన్సెలర్ దగ్గర బాబునీ కూర్చోబెట్టుకుని, ఎందుకు మానాలనుకుంటున్నాడో వాడి నోటితోనే చెప్పనివ్వండి.