కల్చర్‌లో బ్యాక్టీరియా పేరు తెలిశాక జన్యు పరీక్ష దేనికి?

మీరు అడిగినవి రెండు: కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో బ్యాక్టీరియా పేరు వచ్చాక మళ్లీ జన్యు పరీక్ష దేనికి? అది చేయిస్తే ఇక కల్చర్ అక్కర్లేదా? నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మొదటిదానికి జవాబు అవసరాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి మాత్రం కల్చర్ కావాలనే చెబుతాను.

ఒక రోగికి మందు ఎంచుకోవడానికి చాలాసార్లు బ్యాక్టీరియా పేరు, అది ఏ మందులకు లొంగుతుందన్న వివరం చాలు. ఒకే వార్డులో వరసగా కొందరికి అదే పేరు వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. పేరు ఒకటైనా లోపల రకాలు ఎన్నో. మన పేగుల్లో మామూలుగా ఉండేదీ ఈ.కొలైయే, షిగా టాక్సిన్ విడుదల చేసి మూత్రపిండాలను దెబ్బతీసే ఓ157:హెచ్7 కూడా ఈ.కొలైయే. సాల్మొనెల్లాలోనైతే 2,500కు పైగా సీరోటైపులు (కణం పైనున్న గుర్తులను బట్టి విడదీసే ఉపరకాలు) ఉన్నాయి.

మా దగ్గర నవజాత శిశువుల ఐసీయూలో కొందరు పిల్లల రక్తంలో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా కనిపించింది. ప్లేట్ల మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపులు, అంటే కాలనీలన్నీ ఒకేలా మెరుస్తూ జిగటగా ఉన్నాయి. లూపుతో (చివర ఉంగరం ఉన్న సన్నని తీగ) తాకి పైకెత్తితే తీగలా సాగేవి. ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అన్న పట్టికలు పక్కపక్కన పెడితే గడి గడికీ సరిపోయాయి. మిగతావి పనిచేయనప్పుడు వాడే కార్బపెనెమ్ యాంటీబయాటిక్‌లు కూడా పనిచేయలేదు. అన్నిటికీ మూలం ఒకటేనని వార్డంతా నమ్మింది. చేతులు కడిగే సింకు గొట్టంలోంచి తీసిన నమూనాలోనూ అదే బ్యాక్టీరియా రావడంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన ఆ కల్చర్లను పూర్తి జీనోమ్ సీక్వెన్సింగ్‌కు, అంటే బ్యాక్టీరియా డీఎన్ఏ మొత్తాన్ని అక్షరం అక్షరంగా చదివే పరీక్షకు పంపించాం. క్లెబ్సియెల్లా జీనోమ్‌లో 50 లక్షలకు పైగా అక్షరాలుంటాయి. సింకులోని బ్యాక్టీరియాకూ ఎక్కువ మంది పిల్లల్లో దొరికినదానికీ మధ్య తేడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే. మిగతా పిల్లల బ్యాక్టీరియాలో మాత్రం తేడాలు వేలల్లో ఉన్నాయి, అంటే అది పూర్తిగా వేరే రకం. మరి మందుల పట్టిక ఎలా సరిపోయింది? కార్బపెనెమ్‌ను నాశనం చేసే ఎంజైము జన్యువు రెండు రకాల్లోనూ ఒకే ప్లాస్మిడ్ మీద ఉంది. ప్లాస్మిడ్ అంటే క్రోమోజోమ్‌కు బయట ఉండే చిన్న డీఎన్ఏ వలయం. ఒక బ్యాక్టీరియా నుంచి మరో బ్యాక్టీరియాకు అది చేరిపోగలదు. (దాని పూర్తి రూపం తెలియాలంటే డీఎన్ఏను పొడవాటి ముక్కలుగా చదివే సీక్వెన్సర్ ఉండాలి. పొట్టి ముక్కలతో ఏది ఎక్కడ అతుకుతుందో తేల్చడం కష్టం.) సింకు మార్చి ఊరుకుని ఉంటే సగం పనే అయ్యేది. ఆ ఫలితం వచ్చాకే పిల్లల మధ్య తిరిగే పరికరాల మీద, చేతుల శుభ్రత మీద విడిగా దృష్టి పెట్టారు. అందుకే మందుల పట్టికలు ఒకేలా ఉన్నాయని చూసి మూలం ఒకటేనని తేల్చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఏ పరీక్ష అడగాలన్నది కూడా ముఖ్యమే. సుమారు 1,500 అక్షరాల 16ఎస్ జన్యువును చదివితే బ్యాక్టీరియా ఏ జాతిదో చాలావరకు తెలుస్తుంది. కానీ ఈ.కొలైని దాని దగ్గరి బంధువైన షిగెల్లా అనే బ్యాక్టీరియా నుంచి కూడా అది నమ్మకంగా విడదీయలేదు, ఇక వార్డులో వ్యాప్తిని వెతకడానికి బొత్తిగా చాలదు. అమెరికాలో ఆహారం ద్వారా సోకే జబ్బుల మూలాలను వెతికే పల్స్‌నెట్ 1996 నుంచి డీఎన్ఏ ముక్కలను జెల్ మీద విడదీసే పద్ధతిని వాడి, 2019లో పూర్తి జీనోమ్ పద్ధతికి మారింది.

ఇక కల్చర్ మానేయడం గురించి. క్షయ విషయంలో జన్యు పరీక్ష నిజంగా పెద్ద మేలు చేసింది. కల్చర్‌కు వారాలు పట్టే చోట ఎక్స్‌పర్ట్ అనే జన్యు పరీక్ష రెండు గంటల లోపే క్షయను, దాని ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని గుణాన్ని చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే దాన్ని ఆమోదించింది. అయినా చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా పరీక్షకు చిక్కుతుంది కాబట్టి, చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది దానితో తేల్చరు, అందుకు స్మియర్ (కఫాన్ని సూక్ష్మదర్శినిలో చూడటం), కల్చర్ చూడాల్సిందే. పైగా తెలిసిన నిరోధక జన్యువు కనిపించనంత మాత్రాన మందు పనిచేస్తుందని అనుకోలేం. కణపు బయటి పొరలో రంధ్రాలు తగ్గడం వల్ల కూడా కొన్ని బ్యాక్టీరియా మందును లోపలికి రానివ్వవు.

మీ ఆసుపత్రిలో వ్యాప్తి ఉందన్న అనుమానమే ఈ ప్రశ్నకు కారణమైతే, ముందుగా ప్లేట్లు పారేయవద్దని ల్యాబ్‌కు చెప్పండి. రిపోర్టు వెళ్లగానే వాటిని నాశనం చేసేయడం మామూలు పద్ధతి, ఆ తర్వాత సీక్వెన్సింగ్‌కు పంపడానికి ఏమీ మిగలదు. ప్రతి రోగి నుంచి ఒకటికి మించి కాలనీలు దాచమని అడగండి, ఎందుకంటే ఒకే శరీరంలో రెండు రకాలు ఉండవచ్చు. ఒక్కో నమూనా ఏ తేదీన, ఏ మంచం దగ్గర తీశారో కూడా రాసి పంపండి. ఎన్ని అక్షరాల తేడా ఉంటే ఒకే మూలం అన్నదానికి అన్ని బ్యాక్టీరియాకూ వర్తించే అంకె లేదు, ఆ తేదీలూ మంచాలూ పక్కన పెట్టుకునే దాన్ని నిర్ణయిస్తారు.